వాకిట్లో తడిసిన పలక

హా రలింత్సి,
మంగళవారం

నా చిట్టితల్లి లిఖాబిసోకు మీ అమ్మ దీవెనలు.

ఇక్కడ నా మోకాలూ రెండు మేకలూ బాగానే ఉన్నాయి. మసేరు పట్నంలో నువ్వూ బాగున్నావని తలుస్తాను. బాగాలేనిది ఇంట్లో ఒకటుంది, అందుకే ఈ ఉత్తరం. రాస్తున్నది నీ కూతురు ఖేథిసా. ఒక్క మాట మార్చకుండా రాయాలని దానిచేత ఒట్టు వేయించుకున్నాను.

వాన పడిందా అని అడిగావు. పడింది. రెండేళ్ల తరువాత, మొన్న ఆదివారం. ఖేథిసా వేసిన పలక నార్వే బడికి వెళ్లిందా అని కూడా అడిగావు. వెళ్లలేదు.

ఆ దేశపు పిల్లలు మంచు బొమ్మలూ పడవల బొమ్మలూ వేసి మన బడికి పంపారు. బదులుగా మన పిల్లలు పంపాలి. మథాతో అనే టీచరమ్మ మన ఇంటి గోడ మీద పేడమట్టిలో గీసిన నాగటి చాళ్ల గీతలు చూసి, ఆ చాళ్లనే చెక్కపలక మీద వెయ్యమంది. పిల్ల పేడమట్టి అలికి చక్కగా గీసింది. అవి మా అమ్మ చాళ్లు. పోయిన మన పెద్దలను వాన అడిగే మాట అది. ఆ వానే వచ్చి కడిగేస్తే మన మొర అందినట్టు. ఇది నీకు చెప్పక్కర్లేదు, టీచరమ్మకు చెప్పాల్సి వచ్చింది.

"సోమవారం వార్నిష్ తెస్తానవ్వా, వందేళ్లయినా చెక్కుచెదరదు" అంది.

"వందేళ్లు తడవకపోతే మా పెద్దలు వందేళ్లూ దాహంతో ఉండాలా?" అన్నాను.

"అక్కడ గాజు వెనక పెడతారవ్వా. ఎంత గౌరవమో చూడు."

"అయితే మీ తాతను కూడా పెట్టించు."

నవ్వింది. ఆ నవ్వు మీద నాకు ఇంకా కోపమే.

ఆదివారం వానలో పిల్ల చర్చి నుంచి పరుగెత్తుకొచ్చేసరికి పలక వాకిట్లో ఉంది. మట్టంతా కారిపోయి ఉత్త చెక్క మిగిలింది. "నేనే ఆరబెట్టి మరిచిపోయానా అమ్మమ్మా?" అని అడిగింది. "అయ్యుంటుంది" అన్నాను. నిన్న టీచరమ్మ దాన్ని బాధ్యత లేని పిల్ల అని, బొమ్మలు పంపేవాళ్లలోంచి పేరు కొట్టేసింది. నార్వేకు బొమ్మల పెట్టె శుక్రవారం వెళ్తుంది. నిన్నటి నుంచి పిల్ల సంకటి ముట్టలేదు.

ఇప్పుడు రాయి ఖేథిసా. పలకను వాకిట్లో పెట్టింది నేను.

కలం ఆపింది. "ఇది కూడా రాయాలా?" అంటోంది. రాయాలి. ఒట్టు వేశావు.

వాన కోసమే పెట్టానని నీకు చెప్పుకుందామనుకున్నాను లిఖాబిసో. రెండు రోజులుగా ఆ వాదనే కూర్చుకుంటున్నాను. కానీ నేను ఇంట్లోంచి పలక ఎత్తేసరికే చినుకులు పడుతున్నాయి. ఆ వానకు నా పలకతో పని లేదు. పలక కింద ఖేథిసా పేరుంది, బడి పేరుంది. మా అమ్మ పేరు లేదు. ఆ పేరూ రాయమని నోటితో అడగాల్సింది పోయి, పలకను తడిపాను. పైగా పిల్లను అబద్ధంలో వదిలేశాను.

రేపు మర్యాదకు కప్పుకునే దుప్పటి కప్పుకుని బడికి పోతాను. పిల్లలందరి ముందూ టీచరమ్మకు చెబుతాను. పేరు మళ్లీ రాస్తుందో లేదో తెలియదు. ఇంకో పలక కోసం మట్టి నానబెట్టాను. చాళ్లు గీయనని పిల్ల అంటే, గీయమని అడిగే నోరు నాకు లేదు.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న నీ తల్లి
మాలిఖాబిసో
(ఎర్రమట్టితో వేలిముద్ర)

అమ్మా, అమ్మమ్మ చెప్పిందంతా మార్చకుండా రాశాను. ఆమె నానబెట్టిన మట్టిలో రాళ్లు అట్లాగే ఉన్నాయి, ఏరుతున్నాను. ఈ ఉత్తరం రేపు పొద్దున బస్సులో పంపుతాను. అమ్మమ్మ వాళ్ల అమ్మ పేరేమిటో శుక్రవారంలోగా ఎవరిచేతనైనా చెప్పి పంపు. అమ్మమ్మను అడగబుద్ధి కావడం లేదు.

ఖేథిసా