జపాను పిల్ల రెండో వైపు

దోహా, ఫరీజ్ అబ్దుల్ అజీజ్
అక్టోబరు 1995

చి.ల.సౌ. శోభకు,

నేను క్షేమం. మా క్యాసెట్ల షాపు సేఠ్ ఇక్రాముద్దీన్ లండన్ పోయి, ఒక జపాను పిల్ల మొట్టమొదటి పాట క్యాసెట్లు డబ్బాలకు డబ్బాలు తెచ్చాడు. సొంత దేశంలో ఆ పాటను ఎవరూ పట్టించుకోలేదట. లండన్ క్లబ్బుల్లో మాత్రం అది పెట్టందే ఎవరూ కాలు కదపరట. ఇక్కడ ఒక్కటీ అమ్ముడుపోలేదు. "రంజాన్ లోపు అమ్ము, లేకుంటే యల్లా, ఇంటికి పో" అన్నాడు సేఠ్.

నేనెందుకు పోతాను? ధర ఖాళీ క్యాసెట్ కన్నా తగ్గించి, శుక్రవారం సెలవుకు లేబర్ క్యాంపుల మనవాళ్ళు బజారుకొచ్చే వేళకు గట్టిగా మోగిస్తున్నాను. నీకూ ఒకటి పంపుతున్నా.

ఇట్లు, నీ రత్నాకర్

తా.క. సౌండు పెంచి విను. అమ్మను చెవుల్లో దూది పెట్టుకోమను.

మెట్‌పల్లి
నవంబరు

శ్రీవారికి శోభ నమస్కారాలు.

దోహా నుంచి మీ క్యాసెట్ వచ్చిందని వాడకట్టు వాళ్ళందరినీ పిలిచి చాప పరిచాను. ఆ పిల్ల పాడింది. అందరి మొగుళ్ళలా మీరూ ఉత్తరానికి బదులు మాట్లాడి పంపారనుకుని ఆగాం. మళ్ళీ ఆ పిల్లే పాడింది. "నీ మొగడు గొంతు మార్చిండా ఏందే?" అంది పక్కింటి ఎల్లవ్వ. కొలువు ఉంటుందో పోతుందో, ఆ సంగతి రాయండి.

మీ శోభ

తా.క. రెండో వైపు కూడా తిప్పాను. అక్కడా ఆమే ఉంది.

దోహా
డిసెంబరు

శోభా,

దిగులు పడకు. డబ్బాలన్నీ ఖాళీ. "అన్నా, గా జపాను పిల్లవే ఇయ్యి, వేరేవి మాకొద్దు" అని క్యాంపు వాళ్ళు ఎగబడ్డారు. ఎల్లవ్వ మొగుడు పోశన్న అయితే సంచీ నిండా తీసుకుపోయాడు. లండన్ వాళ్ళ చెవి, మనవాళ్ళ చెవి ఒక్కటేనని సేఠ్‌కు చెప్పాను. ఈసారి రెండింతలు తెప్పించి లండన్ ధరకే అమ్ముదామన్నాడు. దానికి నా కొలువే పూచీ అని మాట ఇచ్చేశాను.

ఇట్లు, గెలిచిన నీ రత్నాకర్

తా.క. ఒక్కటే అంతుపట్టలేదు. పాట వినిపించమని ఎవరూ అడగరు. సెలోటేపు ఉందా అని అడుగుతారు. ఊరికి పంపే డబ్బాలు కట్టుకోవడానికి కాబోలు.

మెట్‌పల్లి
జనవరి 1996

శ్రీవారికి,

ముందు సేఠ్‌ను ఆపండి.

పోశన్న క్యాసెట్ ఊరికి చేరింది. మోకాలు నొప్పి తగ్గిందన్నాడు, బర్రెను అమ్మొద్దన్నాడు, "ఇగ ఉంటనే" అన్నాడు. ఆ వెంటనే ఆడపిల్ల గొంతు పాట అందుకుంది. "గదిల ఎవతినో పెట్టుకున్నడు" అని ఎల్లవ్వ కొంగు బిగించింది. సాయంత్రానికి ఇంకో నలుగురి ఇళ్ళల్లో, నలుగురు మొగుళ్ళ వెనకాల అదే గొంతు. అందరూ కలిసి పెద్దమనుషుల దగ్గరికి బయలుదేరారు. నేను మన క్యాసెట్ వేసి, అది ఈ పాట గొంతేనని వినిపిస్తే గానీ ఆగలేదు.

ఎల్లవ్వ క్యాసెట్ తిప్పి చూశాను. అంచున చిల్లుల మీద సెలోటేపు అంటించి ఉంది. ఆ చిల్లులు మూస్తేనే పాట మీద కొత్తగా రికార్డవుతుందట. మీ పాటను ఎవరూ కొనలేదండీ. ఖాళీ క్యాసెట్ కన్నా చవకని కొని, పాట మీద తమ మాటలు నింపి ఇళ్ళకు పంపుతున్నారు. మాటలు అయిపోయిన చోట ఆ పిల్ల మొదలవుతోంది. పాత ధరే ఉంచి, పక్కన సెలోటేపు పెట్టి అమ్మండి. మీ కొలువు ఎక్కడికీ పోదు.

మీ శోభ

తా.క. అందరి ఇళ్ళల్లో మొగుడు మాట్లాడాక ఆమె పాడుతుంది. మన ఇంట్లోనే రెండు వైపులా ఆమే. ఈసారి మీరూ సెలోటేపు అంటించండి. చివర్లో పాట కొంచెం ఉంచండి. అత్తమ్మ దూది తీసేసి చాలా రోజులైంది.