ఏసీ గదిలో బాపు దగ్గు

బెల్లంపల్లి, మే నెల, ఆదివారం రాత్రి

బొగ్గుగనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడైన బాపు, ఈ ఎండల్లో కాస్త నిద్రపోతాడని ఏసీ పెట్టించాను. పొడి దగ్గు ఇంకా ఎక్కువైంది. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, అందుకే గొంతు ఆరిపోతోందని పొద్దున డాక్టరు చెప్పాడు.

మధ్యాహ్నం ఏసీ ఆపి, తలుపులు తీసి కూలర్ పెట్టాను. కూలర్ తేమకు గంటలోనే గదంతా ఉక్కపోసి, బాపుకు ఊపిరాడలేదు. మళ్లీ ఏసీ వేసి, మంచం పక్కన వెడల్పు గిన్నెలో నీళ్లు పెట్టాను.

"గా గిన్నెడు నీళ్లతోని ఏమైతది బిడ్డా? జర కూసో. ఎట్ల జేసినా నాకు ఊపిరి ఆడుతలేదు," అన్నాడు.

"మరి బంద్ చెయ్యాల్నా బాపూ?"

"వద్దు. నడవనీ."

దగ్గు నాకు వినపడొద్దని గోడవైపు తిరిగి, ముఖం దిండులో దాచుకున్నాడు. ఇంకా వినపడుతూనే ఉంది.