శామీర్‌పేట తోటలో రాతిగోడ

12-9-2024, శామీర్‌పేట. తెల్లవారి నుంచి ముసురు. నీ బండి చైనుకు నూనె పెట్టాను.

ప్రియమైన తమ్ముడు ఎల్లేష్‌కు,

ఫారంహౌస్ తోటలో నేను కట్టిన గోడ కూలింది కదా, ఆ రాళ్లు నేనే తీస్తున్నాను. రెండు రోజుల వానకు వెనక మట్టి ఉబ్బి ఏడడుగుల గోడను ఒక్కసారే నెట్టేసింది. తెరిపిచ్చిందని మొక్కలు నాటడానికి కూర్చున్న నీ వర్షకు లేచే వ్యవధి కూడా లేదు.

ఇవాళ ఒక రాయికి ఆమె జుట్టు అంటుకుని ఉంది. ఫారంహౌస్ యజమానురాలు ధరణి గారు గొడుగు పట్టుకుని వచ్చారు. "అన్నీ కడిగి మళ్లీ అవే పెట్టండి, ఈ రంగు రాయి దొరకదు" అన్నారు. ఆ ఒక్కటి పక్కన పెట్టాను.

కాంట్రాక్టర్ రాజారావు దవడకు తీగలు చుట్టారట. "నీ తమ్ముడు సమ్మెట లేపితే ఎందుకాపలేదురా?" అని పోలీసులు అడిగారు.

వేళకు తిను.
నీ అన్న, కుర్మయ్య

18-9-2024, జైలు

ప్రియమైన అన్నకు,

జుట్టు దగ్గరికొచ్చి ముందుకు చదవలేకపోయిన.

ఇక్కడ ఒకడు "ఏందిర, రాళ్ల కింద పెండ్లాన్ని ఏరుకున్నవా?" అన్నడు. వాని ముఖం గచ్చుకేసి కొట్టిన. రెండు పండ్లు ఊడినయి. మస్తు సల్లగనిపించింది.

సోమవారం బెయిల్ వస్తదట. ఇంటికి రాను. సీదా రాజారావు దగ్గరికే పోత. గా దినం దవడే ఇరిగింది, ఈసారి తలకాయ. నీళ్లు పోయే గొట్టాలు పెట్టనియ్యలేదని నువ్వు వాని దిక్కు వేలు చూపియ్యకపోతే నాకెట్ల ఎర్కయితుండె? నువ్వు అన్నవు కాదు, నాకు బాపువు.

ఇయ్యాల ఇక్కడికెల్లి ఇడుదలైతున్న లింగం చేతికి గీ ఉత్తరం ఇస్తున్న. ఎవరికీ చెప్పకు.
నీ ఎల్లేష్

21-9-2024, శామీర్‌పేట. ఎండ.

ప్రియమైన ఎల్లేష్‌కు,

రాజారావు దగ్గరికి పోవద్దు. గొట్టాలు పెట్టమన్నది ఆయనే. "నాలుగడుగులకొకటి, మర్చిపోకు కుర్మయ్యా" అని రెండుసార్లు చెప్పాడు. పెట్టాను కూడా. గోడ పూర్తయ్యాక దూరంగా నిలబడి చూస్తే ఆ నల్లటి నోళ్లు పుండ్లలా కనపడ్డాయి. ముప్పై ఏళ్లలో అంత మంచి గోడ నా చేతి మీద లేవలేదు. ఒక్కో గొట్టానికి సరిపోయే రాయి చెక్కి, సుత్తితో బిగించి మూసేశాను. ఎక్కడ మూశానో ఎవరూ పట్టుకోలేకపోయారు. మురిసిపోయాను.

వర్షను ఒళ్లో పెట్టుకుని నువ్వు "ఎవడు చేసిండన్నా?" అని అరిచినప్పుడు నా వేలు ఆయన వైపు లేచింది. సమ్మెట నీ పక్కనే ఉందని నాకు తెలుసు.

నేను చెక్కిన ఆ పదకొండు రాళ్లు ఏరి పెట్టాను. వాటితోనే పోలీస్ స్టేషన్‌కు పోతాను. కానీ ముందు నీకు జవాబు చెప్పాలి. సోమవారం ఇక్కడికే రా. ఒక్కడినే ఉంటాను. గేటుకు గడియ పెట్టను.

వకీలు గారు ఈ కాగితం నీకివ్వడానికి నిలబడి ఉన్నారు. ఇవాళ కొత్త గోడ మొదటి వరుస వేశాను. గొట్టాలన్నీ తెరిచే ఉన్నాయి. పనిముట్లు కడిగి ఎండకు పెట్టాను. మిగిలిన ఇసుక మీద గోనెలు కప్పాను.
నీ అన్న, కుర్మయ్య