ఏలుమలై పేరున్న రాయిని ఆటపటంలో మళ్లీ నిలపాలని

కోసపాళయం, పుదుచ్చేరి
2 డిసెంబరు 2025

ఫోను ఆట సంస్థవారి పటం తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధి మూలనున్న యుద్ధ స్మారక శిలను తమ ఆటపటం నుండి తొలగించిన ఉత్తర్వును రద్దుపరచుట గురించి.

కోసపాళయం నివాసి, గోవిందరాజన్ కుమారుడు, ఇరవై రెండేళ్ల భువనేశ్ అను నేను విన్నవించుకొనునది ఏమనగా: మీ ఫారంలో అప్పీలుకు ఒక్కసారే అవకాశం. పెట్టాను. రెండు నిమిషాల్లో "నిర్ణయం మారదు" అని జవాబు వచ్చింది. మనిషి చదివి ఉంటే రెండు నిమిషాలు చాలవు. అందుచేత కాగితం మీద రాస్తున్నాను. మీ భాషల జాబితాలో తెలుగు ఉంది గనుక తెలుగులోనే రాస్తున్నాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడతారే గాని చదవలేరు. నేను కరపత్రాలు పట్టుకొని అక్షరాలు నేర్చుకున్నవాడిని. తప్పులుంటే అవి అక్షరాలవి, విషయానివి కావు.

1. సదరు శిల మీద ఏడుగురి పేర్లు ఫ్రెంచి అక్షరాల్లో చెక్కి ఉన్నవి. ఏడుగురూ మా చుట్టుపక్కల వీధులవారే. ఫ్రెంచి పటాలంలో చేరి, ఓడెక్కి సైగాను యుద్ధానికి పోయి, తిరిగి రానివారు. నాలుగో పేరు ఏలుమలై. ఆయన మా అవ్వ లీలమ్మకు తండ్రి. ఆమె తల్లి కడుపులో ఉండగానే వెళ్లాడు. శవం రాలేదు. ఫొటో లేదు. ఉన్నదల్లా రాతి మీద ఒక వరుస.

2. ఆ యుద్ధాన్ని నేను పొగడటం లేదు. పరాయి దొర కోసం ఇంకో దేశపు రైతుల మీద తుపాకి ఎత్తిన యుద్ధమది. కానీ కూటి కోసం పటాలంలో చేరినవాడిని దొర వాడుకొని మరిచిపోయాడు, ఆ తరవాత వచ్చిన ప్రభుత్వాలు మరిచిపోయాయి. బతికినవారిని లెక్కలోంచి తీసెయ్యడం పాత అలవాటే. చచ్చినవారిని తీసెయ్యడం మీరు కొత్తగా నేర్చుకున్నారు.

3. నాలుగేళ్లుగా ఆ రాయి మీ ఆటపటంలో ఉండెను. వీధుల్లో తిరుగుతూ ఆడే ఆట గనుక, ఆడేవారు దాని ముందుకు వచ్చి కాసేపు కదలకుండా నిలబడితే ఫోనులో ఏడు పేర్లూ కనబడేవి. సాయంత్రం ఆరింటికి ఎనిమిదిమందో పదిమందో చేరేవారు. అందరూ తలలు వంచుకొని, మాటాపలుకూ లేకుండా. మా తిన్నె మీది నుంచి చూసే అవ్వ, వీళ్లంతా తన నాయనకు మర్యాద చెయ్యడానికి వస్తున్నారనుకుంది. ఎవరూ కాదనలేదు. నేనూ కాదనలేదు. కాలాపేట యూనివర్సిటీలో చదివే అముద అనే అమ్మాయి ఒకనాడు ఫోనులో చూసి, ఈ ఏలుమలై ఎవరని అవ్వనే అడిగింది. పరాయి నోట తండ్రి పేరు వినడం అవ్వకు డెబ్బయ్ ఎనిమిదేళ్లలో అదే మొదలట. ఆనాటి నుంచి ఆరు కాకముందే ఉతికిన చీర కట్టుకొని, వచ్చేవారికోసం చెంబుతో నీళ్లు పెట్టుకొని కూచునేది.

4. నవంబరు 14వ తేదీన రాయిని తొలగించితిరి. కారణం: "ఇది ఇంటివారి పూజారాయి, ప్రజా స్మారకం కాదు." ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. మీ పటంలోని పాత ఫొటోలో రాయి పక్కన చెత్తబుట్ట ఉండేది. అమరులకు అది అవమానమని నాకు మండింది. అదే నెల పదకొండో తేదీన, ఫ్రెంచివారు యుద్ధంలో పోయినవారిని తలచుకునే రోజు గనుక, అవ్వ రాయిని కడిగి, గంధం పూసి, కుంకం పెట్టి, చామంతి దండ వేసి దీపం వెలిగించింది. ఫ్రెంచి ఆమెకు రాదు. గంధం సరిగ్గా అక్షరాల మీదే పూసింది. మేము పోయినవారికి చేసే పద్ధతి అదే. ఆ ఫొటో తీసి, పాతదాని బదులు పెట్టమని నేనే మీకు పంపాను. అముద తల కొట్టుకుంది.

"నువ్వు పంపిందాన్ని చూసే తీసేసినారు. పేర్లు యాడ కనబడుతాయి అందులో?" అన్నది.

చెత్తబుట్టతో ఉన్నన్నాళ్లు స్మారకం. దండ వేస్తే కాదు. ఈ న్యాయం ఏ పుస్తకంలోదో తెలుపగలరు.

5. ఇప్పుడు ఆరింటికి ఎవరూ రారు. మొదటి మూడు రోజులు అవ్వ వాన వల్లనేమో అనుకుంది. నాలుగోనాడు, "ఏందిరా, ఒకరూ రాలేదే? నా నాయన ఏం తప్పు చేసినాడో కనుక్కో" అన్నది. తప్పు చేసింది ఎవరో నేను చెప్పలేదు. చెంబు నీళ్లు మాత్రం రోజూ పెడుతూనే ఉంది.

కాబట్టి, గంధం తుడిచి, ఏడు పేర్లూ కనబడేలా తీసిన ఫొటోలు ఇందుతో జతపరచడమైనది. శిక్ష వెయ్యదలిస్తే నా ఖాతాను జన్మలో తెరవకుండా మూసివేయండి; రాయిని నిలపండి. ఈ మనవిని చిత్తగించవలెను, చిత్తగించేది మనిషే అయి ఉండవలెను.

ఎవరికీ విధేయుడిని కాకపోయినా, అవ్వ కోసం ఈ ఒక్కసారికి
తమ విధేయుడు,
గో. భువనేశ్

తా.క. పదకొండు రోజులుగా ఆరింటికి నేనొక్కడినే వెళ్లి, ఫోను పట్టుకొని, తల వంచుకొని నిలబడుతున్నాను. నిన్న అవ్వ తిన్నె దిగి వచ్చి నా పక్కన నిలబడింది. ఫోనులోకి తొంగిచూసి, "నాయన ఉండాడా అందులో?" అన్నది. పటంలో మా మూల ఖాళీగా ఉంది. "ఉండాడు అవ్వా" అన్నాను. నేను అబద్ధమాడే మనిషిని కాను. ఆ మాటను తమరు నిజం చెయ్యాలి.