మోగని మెట్టు

టీచరమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పైన దేవదూతల చెవులు కూడా పిండుతున్నావా?

ఇవాళ మిర్యాలగూడ చర్చిలో నీ పాటల బడికి పరీక్ష. పిల్లల పాట నచ్చకపోతే మూసేస్తానని పెద్ద ఫాదర్ ముందే చెప్పాడు. మా చిన్నమ్మ, నేను, నా బిడ్డ పాడిన బడి అది. త్రిపురారం, హుజూర్‌నగర్ నుంచి కూడా నీ పాత శిష్యులొచ్చి వెనక కూర్చున్నారు.

నీ హార్మోనియంలో ఒక మెట్టు మోగేది కాదు. ఆ స్వరం దగ్గర గొంతు పెంచమని నేర్పావు. పిల్లలు అక్కడ గట్టిగా అందుకోగానే ఫాదర్ పాట ఆపించాడు.

"గీడ గట్ల ఒర్లుతుండ్రేంది?"

పిల్లలు బిక్కచచ్చిపోయారు. నేను లేచాను.

"పెట్టెల గీ మెట్టు మోగకపోతుండె, అందుకే టీచరమ్మ గట్లనే నేర్పింది ఫాదర్. మేమందరం గట్లనే పాడుతం."

"ఏదీ, పాడుండ్రి."

ముసలీ ముతకా అందరం పాడాం. సరిగ్గా అక్కడే అందరి గొంతులూ ఒక్కసారి లేచాయి. ఫాదర్ హార్మోనియం వైపు చెయ్యి చూపించాడు.

"బడి నడవనియ్యుండ్రి. ముందుగాల ఆ పెట్టె బాగు చేయించుండ్రి."

"ఎప్పుడో చేయించినం ఫాదర్. మెట్టు మంచిగనే మోగుతది. మా ఒర్లుడుకు ఎవ్వలికి ఇనపడ్తలేదు."

చర్చంతా నవ్వింది. నేను మాత్రం పాత అలవాటుగా, నువ్వు పిండుతావేమోనని చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎవరూ పిండలేదు.