అల్లుడుగారి ఫోన్‌లో వాన

శుక్రవారం రాత్రి

కాదు అల్లుడుగారూ, మీరు భోజనాల దగ్గర సెలవిచ్చినట్టు రేపు ఇక్కడ పడేది వాన కాదు, మంచు. మీ ఫోన్ ఇంకా కింద మైదానంలోని మన పాత ఊరు శాన్ రామన్ వాతావరణమే చూపిస్తోంది. ఈ కొండవాలుకి ఇల్లు మారి ఏడాదయినా ఆ సంగతి దానికి మీరు చెప్పలేదు.

ఆ మాటే అంటే, "వెదర్ వాళ్లు ఊరికే భయపెడతారు అత్తయ్యగారూ. మన కారు ఆల్ వీల్ డ్రైవ్, నాలుగు చక్రాలూ లాగుతాయి" అన్నారు.

"నడవడానికి సరే, ఆగడానికి?" అన్నాను. నవ్వేసి పెరుగు వడ్డించుకున్నారు.

నిజంగా పొరపాటైతే చెప్పగానే దిద్దుకునేవారు. అల్లుడుగారేమో ఫోన్ బోర్లా పెట్టారు. మనవరాలి డాన్స్ రిహార్సల్ పేరు చెప్పి, పిల్లని తీసుకుని రేపు శాన్ రామన్ వెళ్తారట. అక్కడ పాత మిత్రబృందం క్రికెట్ చూడ్డానికి చేరుతోందేమోనని నా అనుమానం. అమ్మాయి రేపటిదాకా హాస్పిటల్ డ్యూటీలోనే ఉంటుంది. మధ్యాహ్నానికే మన ఎత్తులో మంచు తుఫానట. తిరిగొచ్చేటప్పుడు ఆ మలుపుల్లో, వెనక సీట్లో పిల్లతో, కారు జారితే...

ఈ ఇంట్లో అల్లుడుగారు ఎన్నడూ తెరవనిది పోపుల డబ్బా ఒక్కటే. పొద్దున్నే లేచి కారు తాళం అందులో, మెంతుల కింద పెట్టాలి.