నలభై ఒకటో ఇంటి తలుపు

పొన్నలంక,
8 జనవరి 2007.

ఏలూరులో మురుగునీటి పథకం చూసే ఇంజనీరు అబ్బాయిరాజుగారికి, పొన్నలంక యువజన సంఘం కార్యదర్శి రాజ్ కుమార్ నమస్కరించి రాసేది.

అయ్యా, మా ఊళ్ళో పైపులు దిగాయి. లారీ దగ్గర నిలబడి నేనే లెక్కపెట్టాను. ఒళ్ళు పులకరించింది.

మాది కొల్లేటి అంచున ఊరు. రెండడుగులు తవ్వితే నీళ్ళు. ఆరేళ్ళ కిందట నలభై రెండు ఇళ్ళకీ మరుగుదొడ్లు కట్టారు గాని, గోతుల్లో నీళ్ళూరి ఒక్కటీ పనిచెయ్యలేదు. ఇప్పుడు గోతులతో పనిలేకుండా అన్ని ఇళ్ళ మురుగూ ఒకే పైపులో ఊరి చివరి తొట్టెకి పోతుందని మీ కరపత్రంలో ఉంది. దాన్ని పదకొండుసార్లు చదివాను.

కాని శత్రువు ఊళ్ళోనే ఉన్నాడు. ముంపుకి అందకుండా నాలుగడుగుల ఎత్తున కట్టిన సిమెంటు గది, రేకు తలుపు, గొళ్ళెం. ఊళ్ళో ఇంత పొడి చోటు ఇంకోటి లేదు. ఇంకేం, జనం వాటిని సామాన్ల కొట్లు చేసుకున్నారు. వెంకటనరసమ్మగారు విత్తనాల బస్తాలు పెట్టారు. చేపల చెరువుల సుబ్బరాజుగారు వలలు పెట్టారు. మా పాస్టరు యోబుగారైతే చర్చి హార్మోనియం పెట్టి తాళం వేశారు. నా రక్తం ఉడికిపోతోంది.

మొన్నటి వానల్లో మా నానమ్మ చెరువు గట్టు మీద చెంబుతో సహా జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి. ఆ రోజే ప్రమాణం చేశాను. నానమ్మ ఇక గట్టెక్కకూడదు.

వెంటనే అయిదు వందల కరపత్రాలు పంపండి. చదివితే మారనివాడు ఉండడు.

ఇట్లు, మురుగు మీద యుద్ధం ప్రకటించిన
రాజ్ కుమార్.

తా.క.: ఈ ఉత్తరంలో మంచి వాక్యాలన్నీ పొద్దున్నే చెరువు గట్టు మీద తట్టినవి. నా బుర్ర అక్కడే బాగా పనిచేస్తుంది.

* * *

ఏలూరు,
17 జనవరి 2007.

రాజ్ కుమార్ గారికి నమస్కారమండి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఉత్తరం ఆఫీసులో అందరం చదివామండి. కొందరు రెండుసార్లు చదివారు.

ఒక్క సంగతి మనవి చేస్తాను. మార్చి ముప్పై ఒకటిలోగా నలభై రెండు గదులూ ఖాళీ అయి కనెక్షన్ పడాలండి. ఒక్కటి తగ్గినా మోటారూ పైపులూ విప్పి పక్క ఊరికి ఇచ్చెయ్యమని పైవాళ్ళ ఆర్డరు. ఫిట్టరు అబ్బుల్ని మీ ఊరు పంపుతున్నాను. మంచివాడు, కాస్త మొహమాటస్తుడు.

కరపత్రాలు బస్సులో వేయించాను.

ఇట్లు, మీ క్షేమం కోరే
అబ్బాయిరాజు.

తా.క.: తడిస్తే అక్షరాలు అలికిపోతాయండి. పొడిగా ఉండే చోట పెట్టించగలరు.

* * *

పొన్నలంక,
11 ఫిబ్రవరి 2007.

ఇంజనీరుగారికి, ఉద్యమ నమస్కారాలతో రాజ్ కుమార్ రాసేది.

విజయం మీద విజయం. ముప్పై ఇళ్ళు లొంగిపోయాయి. యోబుగారి దగ్గర ఆలస్యమైంది. “బాబూ, దేవుడి హార్మోనియం తడిస్తే ఆదివారం పాట ఎలాగ?” అన్నారు. దేవుడి హార్మోనియాన్ని ఎక్కడ పెట్టారో ఒక్కసారి ఆలోచించండి అన్నాను. ఆయన ఆలోచించి, తాళంచెవి తీసి ఇచ్చారు.

ఖాళీ చేసిన సామాను ఎక్కడ పెట్టుకోమంటావని అందరూ నా మీద పడ్డారు. నాయకుడన్నవాడు వెనకాడకూడదు కదా. “మా నానమ్మకి అప్పగించండి, ఆవిడ చూసుకుంటుంది” అన్నాను. బస్తాలూ వలలూ హార్మోనియం అన్నీ వచ్చాయి. నానమ్మ ఒక్క మాట అనకుండా ఎక్కడో సర్దేసింది. మీ కరపత్రాల కట్టలు కూడా పొడి చోట పెట్టమని ఆవిడకే ఇచ్చాను. ఇంటికొక వీరుడు అక్కర్లేదండీ, ఊరికొక నానమ్మ చాలు.

మిగిలిన వాళ్ళు గట్టిపిండాలు. ఇంకో వెయ్యి పంపండి.

ఇట్లు, సగం పైన గెలిచిన
రాజ్ కుమార్.

తా.క.: ఇది కూడా గట్టు మీదే రాశాను. చలి బాగా ఉంది. ఆలోచనలు వేడిగా ఉన్నాయి.

* * *

ఏలూరు,
5 మార్చి 2007.

రాజ్ కుమార్ గారికి నమస్కారమండి.

చాలా సంతోషం. నలభై ఒక్క ఇళ్ళకి కనెక్షన్లు పడ్డాయి. మీరు లేకపోతే అయ్యేది కాదండి. మీరడిగిన వెయ్యి కరపత్రాలూ అప్పుడే బస్సులో వేయించాను.

మిగిలింది ఒక్కటేనండి, మా లిస్టులో నలభై ఒకటో నంబరు. లిస్టులో పేర్లుండవు. అబ్బులు మూడుసార్లు వెళ్ళాడట. తలుపు తీస్తే లోపల కాలు పెట్టే సందు లేదట. ఆ ఇంటి పెద్దావిడ మూడుసార్లూ వాడికి కొర్రమీను పులుసు పోసి భోజనం పెట్టి, “మా ఇంటి మగాణ్ణి అడిగి ఖాళీ చేయిస్తాను నాయనా” అని పంపేశారట. ఎవరిల్లురా అంటే, “నా నోటితో చెబితే బావుండదండీ” అంటున్నాడు. ఇరవై ఆరు రోజులే ఉన్నాయి.

ఇట్లు, ఫైలు మూయాలని ఆశపడుతున్న
అబ్బాయిరాజు.

తా.క.: ఆఫీసువాళ్ళని ఇక కాగితాలు పంపొద్దనమని ఆ పెద్దావిడ ప్రత్యేకంగా చెప్పారట. ఎందుకో తెలియలేదండి.

* * *

పొన్నలంక,
9 మార్చి 2007.

ఇంజనీరుగారికి,

చేపల పులుసుతో ప్రభుత్వాన్ని కొనేశారన్నమాట. అది కూడా కొర్రమీను.

ఊరంతా అడిగాను. నలభై ఒకటి ఎవరిదంటే సుబ్బరాజుగారు దగ్గు తెచ్చుకున్నారు. వెంకటనరసమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ ఇంటిని చూసి జనం ఎంతగా వణికిపోతున్నారో దీన్నిబట్టి గ్రహించండి. ఆ ఇంటి మగవాడెవడో గాని వాడికి సిగ్గులేదు. ఒక్క గది కోసం ఊరందరి పైపులూ పక్క ఊరికి పోతుంటే వాడికి అన్నం ఎలా సయిస్తోంది? ఆ ఇంట్లో చదువుకున్నవాడు ఒక్కడూ లేడా?

వాడి పేరు తెలిసిన మరుక్షణం వాడి గుమ్మం ముందు నిరాహార దీక్షకి కూర్చుంటాను. షామియానా తెప్పించాను. బొమ్మలున్న కరపత్రాలు రెండు వేలు పంపండి.

ఇట్లు, అన్నం మానబోతున్న
రాజ్ కుమార్.

తా.క.: ఇంత జరిగినా మా నానమ్మ ఇంకా గట్టు మీదికే వస్తోందండి. రోజూ పొద్దున్నే దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. ఇంట్లో కనెక్షన్ పెట్టుకుని కూడా పాత అలవాటు మానని పెద్దవాళ్ళ కోసం వేరే కరపత్రం ఉంటే అదీ పంపండి.

* * *

ఏలూరు,
14 మార్చి 2007.

రాజ్ కుమార్ గారికి నమస్కారమండి.

కరపత్రాలు పంపడం లేదు, క్షమించాలి. అబ్బుల్ని కూర్చోబెట్టి గట్టిగా అడిగాను. చెప్పాడు. విన్నాక నాకూ వాడి మొహమాటమే పట్టుకుందండి.

మీరడిగినదానికి మాత్రం జవాబు చెబుతాను. ఆ ఇంట్లో చదువుకున్న కుర్రాడు ఉన్నాడటండి. బాగా మాట్లాడతాడట. ఇంటిపట్టున ఉండడట.

దీక్షకి కూర్చునే ముందు మీ నానమ్మగారిని ఒక్క మాట అడగండి. ఆ ఇంటి సంగతి ఆవిడకి బాగా తెలుసు.

ఇట్లు, ఎంతో గౌరవంతో
అబ్బాయిరాజు.

తా.క.: మీకు ఆలోచనలు రోజూ గట్టు మీదే ఎందుకు తడుతున్నాయో కూడా ఒకసారి ఆలోచించగలరు.

* * *

పొన్నలంక,
22 మార్చి 2007.

పూజ్యులైన ఇంజనీరుగారికి, తలవంచి రాజ్ కుమార్ రాసేది.

మీ ఉత్తరం పట్టుకుని సరాసరి నానమ్మ దగ్గరికి వెళ్ళాను. నలభై ఒకటి ఎవరిదో చెప్పు, వాడి సంగతి తేలుస్తానన్నాను. ఆవిడ చేపలు తోముతోంది. తల ఎత్తలేదు.

“మనదేరా.”

మీ ఉత్తరం విప్పి మళ్ళీ చదివాను. ఈసారి అర్థమైంది.

“ఊరి సామానంతా నానమ్మకిచ్చెయ్యమన్నావు. కాగితాలు పొడి చోట పెట్టమన్నావు. ఈ కొంపలో పొడి చోటు ఇంకెక్కడ ఉందిరా?”

“మరి నాకు చెప్పొచ్చుగా?”

“ఎప్పుడు చెప్పను? ఇంట్లో ఉంటే ఉపన్యాసం రాస్తావు, బయటికెళ్తే చెబుతావు. అయినా పొద్దున్నే చెంబు పట్టుకుని నాకంటే ముందు గట్టుకి పోయేది నువ్వే కదా. నీకు తెలుసనే అనుకున్నాను.”

నిజమండి. ఆరేళ్ళలో ఆ తలుపు నేనొక్కసారీ తీయలేదు. గొళ్ళెం లాగాను. మీ కరపత్రాలు మోకాళ్ళ దాకా వచ్చి పడ్డాయి. వాటి వెనక బస్తాలు, వలలు, అన్నిటి మీదా హార్మోనియం. పధ్నాలుగు వందల కరపత్రాలు కట్టు కూడా విప్పలేదు. నేను పంచింది వందేనండి, మిగతాది మాటలతోనే లాగించాను.

దీక్ష మానేసి బస్తాలు మోశాను. సుబ్బరాజుగారు తన మోటారు షెడ్డులో కర్రలతో ఎత్తుగా అటక కట్టించి అందరి సామానూ పెట్టించారు. షామియానా దాని మీద కప్పాం. హార్మోనియం చర్చిలో ప్రసంగ వేదిక మీదికి చేరింది. కరపత్రాలు చేపలు చుట్టడానికి బాగుంటాయని సుబ్బరాజుగారు పట్టుకెళ్ళారు. ఇప్పుడవి తాడేపల్లిగూడెం సంతదాకా వెళ్తున్నాయి.

నిన్న అబ్బులు నలభై రెండో కనెక్షన్ బిగించాడు. మొదట నానమ్మే వెళ్ళాలని పట్టుబట్టాను. ఊరంతా వచ్చి నిలబడింది. ఆవిడ లోపల గొళ్ళెం పెట్టుకుని, “వాళ్ళందర్నీ పంపిస్తేగాని నేను బయటికి రానురా” అంది. చప్పట్లు కొట్టకుండానే అందరం వెళ్ళిపోయాం. ఇవాళ పొద్దున్న గట్టు మీద నానమ్మ లేదు.

నలభై రెండూ అయ్యాయి. ఫైలు మూసెయ్యండి.

ఇట్లు, నలభై ఒకటో ఇంటి మగాడు
రాజ్ కుమార్.

తా.క.: ఈ ఉత్తరం గట్టు మీద తట్టింది కాదండి. ఇంట్లోనే తలుపేసుకుని ఆలోచించాను. బుర్ర ఇక్కడా బాగానే పనిచేస్తోంది. కాకపోతే అరగంట నుంచి నానమ్మ బయట తలుపు బాదుతోంది.